ఎస్తేరు టీచరమ్మ మీ చెల్లెలు కాదు

ఎస్తేరు టీచరమ్మ ఇక లేదన్న వార్త నాకు వింజమూరు బస్టాండులో తెలిసింది. ఉదయగిరి బస్సు కండక్టరు నన్ను గుర్తుపట్టి కిందికి దిగి వచ్చి, "మీ టీచరమ్మ పోయిందమ్మా. బడికి బయల్దేరతా గుమ్మంలోనే కూలబడింది" అన్నాడు. నేను నమ్మలేదు. వేరే ఎవరో అయి ఉంటారని అతనితో వాదించాను కూడా. పాపం, అతను నా వాదనంతా విని, ఎదురు బస్సు ఆపి నన్ను ఎక్కించాడు. మా ఊరు చేరేసరికి శవపేటిక పక్కన దావీదు మామ, ఆమె భర్త, ఆమె చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అప్పుడు నమ్మాను.

ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలోని మా పల్లెలో, ఎలిమెంటరీ బడిలో, ఆమె జీవితమంతా అక్షరదానం చేసింది. నేను ఆమె దగ్గరే ఓనమాలు దిద్ది, ఆమెను చూసే ఉపాధ్యాయురాలినయ్యాను. పొట్టి మనిషి, బొంగురు గొంతు, కల్మషం ఎరుగని మనసు, జంకు ఎరుగని నోరు. మేకల వెంట పంపడానికని ఒక ఆడపిల్లను బడి మాన్పిస్తే, ఆ ఇంటి ముందుకు పలకలతో సహా పిల్లలందరినీ తీసుకుపోయి అక్కడే ఎక్కాలు చెప్పించింది. ఆ గోల భరించలేక పిల్ల తండ్రి సాయంత్రానికి దిగివచ్చాడు. ఆ పిల్ల ఇవాళ నర్సు.

మా పల్లెల్లో ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించిన రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని అంగళ్ళ ముందు పగలంతా కూర్చున్న ఆ తల్లులకు నేను ఎప్పటికీ శిరస్సు వంచుతాను. వాళ్ళలో సగం మందికి సంతకం నేర్పింది మా టీచరమ్మే. కానీ ఏ ఉద్యమానికైనా చెమటోడ్చేవాళ్ళు కొందరుంటారు, దండలు వేయించుకునేవాళ్ళు ఇంకొందరుంటారు. ఆత్మకూరు నుంచి కారులో వచ్చే మహిళా సంఘం అధ్యక్షురాలు రాజ్యలక్ష్మి గారు రెండో రకం.

తాగుబోతులకు సగం గుండు గీసి, గాడిద మీద ఊరేగించడం అప్పట్లో ఊరూరా జరిగింది. దావీదు మామ తాగేవాడు. దాచేదేమీ లేదు. టీచరమ్మ జీతం ఎన్నోసార్లు ఆ అంగట్లోనే పోసి వచ్చాడు. టీచరు మొగుడినే ఊరేగిస్తే పత్రికలో పడుతుందని రాజ్యలక్ష్మి గారు నెల్లూరు నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించారు. ఆ పొద్దున టీచరమ్మ మామను పెరట్లో కూర్చోబెట్టి, తానే కత్తి పట్టి, గుండు నున్నగా గీసేసింది. మేము బాప్టిస్టులం, మా ఇళ్ళల్లో గుండు మొక్కులుండవు. పక్కింటివాళ్ళు చూసి, తిరుపతి పోయొచ్చారా అని నవ్వారు. ఆమె కూడా నవ్వి, మామ చెయ్యి పట్టుకుని సభకు నడిపించుకు వచ్చింది.

"మీరు గీసేదానికి ఏమీ మిగల్లేదు మేడమ్, నేనే గీసినాను. ఇంక గాడిద ఉండాది గదా, దాని మీద మా ఇద్దర్నీ ఎక్కించండి. ఈయన తాగినాడు, నేను సర్దుకున్నాను. ఇద్దరిదీ తప్పే."

సభలో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గాడిదను తెచ్చిన మనిషి దాన్ని తోలుకుని వెళ్ళిపోయాడు. ఫొటోగ్రాఫరు సగం గుండు కోసం వచ్చి నున్నటి గుండు చూసి కెమెరా మూసేశాడు. రాజ్యలక్ష్మి గారి ముఖం మాత్రం మాడిపోయింది. మైకు తీసుకుని, మగవాడి కాళ్ళ కింద పడి ఉండే ఇలాంటి బానిసల వల్లే స్త్రీజాతి అధోగతి పాలైందని ఉపన్యసించారు. ఎస్తేరు సారా వాళ్ళ మనిషని ఊరూరా చాటి, సంఘం నుంచి వెలివేశారు. మా ఆడవాళ్ళలోనే కొందరు ఆమెతో మాట్లాడడం మానేశారు. ఇంట్లో ఆమె మామకు అన్నం కలిపి పెడుతూనే, మళ్ళీ ముట్టుకుంటే బతకనివ్వనని తిడుతూనే, తాగుడు మాన్పించింది. దానికి ఫొటోలు లేవు.

ఆ సభల్లో వేదిక వెనక ఒక పిల్ల కూర్చునేది. అధ్యక్షురాలి మంచినీళ్ళ సీసా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎండలో కూడా నిండా కొంగు కప్పుకుని. పేరు వసంత. రాజ్యలక్ష్మి గారి కోడలు. ఆ కొంగు దేనికో మాకెవరికీ తట్టలేదు. ఏడాది తిరక్కుండానే ఒక మధ్యాహ్నం వసంత కమిలిన మోచేతులతో బస్సు దిగి, టీచరమ్మ బడి వెతుక్కుంటూ వచ్చింది. తాగుబోతు మొగుడిని వెనకేసుకొచ్చిన మనిషి దగ్గరికే ఎందుకొచ్చావని తర్వాత నేను అడిగాను. "అంతమంది ముందర తన మొగుడి కోసం నిలబడింది గదక్కా. తప్పు చేసినోడికే నిలబడితే, నాకు నిలబడదా అనుకున్నాను" అంది.

మర్నాడే కారు వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాజ్యలక్ష్మి గారు దిగారు. నేను అక్కడే ఉన్నాను, ఈ చెవులతోనే విన్నాను. మా అబ్బాయికి కోపం ఎక్కువ, మనసు మాత్రం వెన్న అన్నారు. ఇంటి గుట్టు బయటపెట్టడం ఆడదానికి తగదన్నారు. చివరికి, "సంసారమన్నాక ఒక దెబ్బ పడతాది. దానికే ఇల్లు ఇడిచి వస్తారా?" అన్నారు.

"ఆ మాటే మీటింగులో మైకు పట్టుకుని చెప్పండి మేడమ్. చెప్పిన రోజు పంపిస్తాను" అంది టీచరమ్మ.

కారు వెనక్కి తిరిగింది. ఆ వారంలోనే కొత్త ప్రచారం మొదలైంది. ఎస్తేరు ఆడపిల్లలకు దుర్బుద్ధులు నేర్పుతుందట, పచ్చని కాపురాలు కూలుస్తుందట! నిన్నటిదాకా మగవాడికి బానిస, ఇవాళ మగవాళ్ళకు శత్రువు. గురివింద గింజకు తన నలుపు కనపడదంటారు. ఈ గింజకు కనపడింది. కనపడబట్టే చేతికి దొరికిన ప్రతి ఆడదాని ముఖానా దాన్ని పూసింది. బానిసత్వం ఆమె ఇంట్లో ఉంది, కొట్టే చెయ్యి ఆమె ఇంట్లో ఉంది, నిందలు మాత్రం మా టీచరమ్మవి.

అప్పుడే పత్రికకు రాస్తానని నేను లేచాను. టీచరమ్మ ఒప్పుకోలేదు. "రాస్తే ఆయమ్మకు ఏమయితాది? ఈ బిడ్డ బతుకే బజార్న పడతాది. గమ్మునుండు మే" అంది. వసంతను కొండాపురంలో తన అక్క ఇంట్లో ఉంచి టైలరింగు నేర్పించింది. నిందలు తాను మోసింది. పోయేదాకా మోసింది.

మొన్న ఆదివారం చర్చిలో ఆదరణ కూడిక జరిగింది. పోయినవారిని గురించి ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చునన్నది మా ఆచారం. అందరికన్నా ముందు లేచింది ఎవరు? తెల్ల నేత చీర కట్టుకుని వచ్చిన రాజ్యలక్ష్మి గారు! ఎస్తేరు తనకు తోడబుట్టని చెల్లెలట. ఆమెలోని ధైర్యం తాను నూరిపోసిందేనట. ఆత్మకూరులో సంస్మరణ సభ పెట్టి మహిళాజ్యోతి బిరుదు కూడా ప్రకటిస్తారట. దావీదు మామ తల దించుకుని కూర్చున్నాడు. నేను పళ్ళు పటపట కొరికాను. నేను లేచేలోపే వెనక వరసలో వసంత లేచింది. కొంగు కప్పుకోలేదు.

"ఈమె మా అత్త. ఈమె కొడుకు కొడితే సర్దుకోమన్నాది. టీచరమ్మ నన్ను కాచినందుకు ఆయమ్మను ఊరూరా తిట్టింది. నేను ఇన్నేళ్ళూ చెప్పలేదు. కరుణక్కా, నువ్వు రాయి."

చివరి మాట నా వైపు తిరిగి అంది. మా ఆచారంలో ఇంకొకటుంది, సాక్ష్యానికి ఎవరూ అడ్డం మాట్లాడరు. రాజ్యలక్ష్మి గారు చెప్పుల కోసం వెతుక్కుని, భోజనానికి ఆగకుండా కారెక్కారు. ఆ దృశ్యం చూసి నాకు కలిగిన ఆనందానికి నేను సిగ్గుపడను. ఆత్మకూరు సభకు మా ఊరి నుంచి ఒక్కరూ రారు. ఆ బిరుదు మీ గోడకే తగిలించుకోండి మేడమ్.

కూడిక అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఇక రాతకెక్కించవద్దమ్మా, టీచరమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు అన్నారు. నిజమే, ఒప్పుకునేది కాదు. ఈ కాగితాలు లాక్కుని, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, అన్నం తినమనేది. నేను తినేదాన్ని. నా నోరు మూయించగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఆ లోటు నాకు తీరదు. ఆమె సమాధికి తలవంచి నమస్కరిస్తున్నాను. రాజ్యలక్ష్మి గారూ, ఇన్నేళ్ళూ నా కోపానికీ మీకూ నడుమ నిలబడింది ఆమే. ఆమెను మట్టిలో పెట్టి వచ్చాం. ఇప్పుడు నడుమ ఎవరూ లేరు.