అకాడెమోస్ గారి కుర్చీ

ఏథెన్సులో ప్లేటో అకాడమీ పేటలో, రిటైరైన బడిపంతులు థ్రసీవులోస్‌కు భార్య పోయాక మిగిలిన సంసారమల్లా యోర్దానిస్ కాఫీకొట్టులో కిటికీ పక్క కుర్చీ. అక్కడి నలుగురూ ఆయన మాటలు వినేవారు కాదు, భరించేవారు. ఆ తేడా ఆయనకు తెలియదు, చదువుకున్నవాడు గదా.

ఒకనాడు రొట్టెల బట్టీ పాండెలిస్ నోరు జారాడు. "మాస్టారూ, పెద్ద చదువులకి అకాడమీ అని పేరెందుకొచ్చింది?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఈ పేటంతా ఒకప్పుడు అకాడెమోస్ అనే వీరుడి తోట. మన రాజు థేసియస్, స్పార్టా పిల్ల హెలెన్‌ను ఎత్తుకొచ్చి దాచాడు. ఆమె అన్నలు సైన్యంతో వస్తే, ఎక్కడ దాచాడో చెప్పింది ఈయనే. ఆ కృతజ్ఞతతో స్పార్టావాళ్లు ఎన్నిసార్లు దండెత్తినా ఈ తోట జోలికి రాలేదు. తర్వాత ఇక్కడే బడి వెలిసింది. తోట పేరు బడికి, బడి పేరు లోకంలోని పాండిత్యానికీ!"

"అయితే చాడీకోరు పేరన్నమాట," అన్నాడు యోర్దానిస్ కప్పు తుడుస్తూ.

"వీరుడయ్యా!"

"వీరుడే. ఊరివాణ్ణి పట్టించిన వీరుడు."

కొన్నాళ్లకు పాండెలిస్ కొత్త బట్టీకి పునాది తవ్వితే పాతకాలపు రాతిగోడ తగిలింది. సంగతి సర్కారుకు తెలిస్తే కట్టడం ఆగిపోతుంది గనుక, ఇలాంటప్పుడు పేట ఆచారం ఒక్కటే: గోడ మీద సిమెంటు పోయడం, చూసినవాళ్లు మరచిపోవడం. అందరి ఇళ్లూ అలా లేచినవే. పక్కింట్లోనే ఉండే మన మాస్టారు ప్రహరీ మీంచి తొంగిచూశాడు. మరచిపోవడం ఆయనకు చేతకాలేదు. జ్ఞానం కోసమేనని తనకు తాను నచ్చజెప్పుకొని పురావస్తుశాఖకు ఫోను చేశాడు.

వాళ్లొచ్చి గుంట చుట్టూ కంచె వేశారు. బట్టీ ఆశ అక్కడే సమాధి అయింది. ఫోను చేసిందెవరో పేటకు తెలియడానికి పూటైనా పట్టలేదు.

మర్నాడు మాస్టారు కాఫీకొట్టులోకి రాగానే పాచికలాట ఆగిపోయింది. ఆయన తన లెక్కన పాండెలిస్ బల్లకు ఒక కాఫీ పంపమన్నాడు. ఇక్కడ పంపిన కాఫీని తిప్పికొడితే మొహాన ఉమ్మినట్టే. పాండెలిస్ ఆ కప్పును స్వయంగా మోసుకొచ్చి ఆయన ముందు పెట్టాడు.

"తాగండి అకాడెమోస్ గారూ, చల్లారిపోద్ది."

"అది కాదు పాండెలిస్, చరిత్ర అంటే..."

"మీ వంటింటి కింద చరిత్ర లేదా? అదీ చెప్పారా వాళ్లకి?"

మాస్టారు కొట్టు యజమాని వైపు తిరిగాడు. "యోర్దానిస్, నువ్వైనా చెప్పవయ్యా."

"నేనేం చెప్తాను మాస్టారూ? చెప్పే పని మీది."

ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్లీ పాచికల చప్పుడు మొదలైంది.

ఆయన చనిపోయేదాకా కిటికీ పక్క కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు, వీరుడి తోటలాగే. ఆయన ఎదుటి కుర్చీని మాత్రం యోర్దానిస్ ఆ సాయంత్రమే వేరే బల్ల దగ్గరికి లాగేశాడు.