అరగంటకు అరువిచ్చిన మనిషి

నారాయణగూడలో మా ఆఫీసు వెనక సందులో చిన్న లైబ్రరీ ఒకటి ఉంది. కాలనీవాళ్లే నడుపుతారు. నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలతోపాటు నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను, కుట్టుమిషను కూడా అక్కడ అరువిస్తారు. వాడుకుని తిరిగి ఇచ్చేయాలి. శనివారం ఆఫీసు అయ్యాక అక్కడ పుస్తకాలు మార్చుకుని అశోక్‌నగర్‌లోని ఇంటికి వెళ్లడం నాకు అలవాటు.

కిందటేడు వానాకాలంలో అక్కడ కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఆదివారం పూట మనుషుల్ని అరువిస్తారు. చుట్టుపక్కల ఉండేవాళ్లలో ఇష్టమైనవాళ్లు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. మనం ఎదురుగా కూర్చుని అరగంటసేపు వాళ్ల జీవితం వినొచ్చు. వినగానే నాకు నవ్వొచ్చింది.

"ఒక్కసారి కూసోండి మేడం. మనసున పట్టకపోతే లేవచ్చు," అంది లైబ్రరీ చూసుకునే ఆవిడ.

ఆ ఆదివారం వెళ్లాను. నా ఎదురుగా కూర్చున్నామెకు నలభై దాటి ఉంటాయి. మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన కొత్తలోనే భర్తతో నగరానికి వచ్చిందట. కవాడిగూడ బస్తీలో ఉంటుంది. ఇద్దరూ బిల్డింగు పనులకే వెళ్తారు. ఏం అడగాలో తోచక, కట్టిన బిల్డింగుల్లో ఏది బాగా గుర్తుందని అడిగాను.

"అశోక్‌నగర్ది అక్కా. పిండిగిర్ని ఎదురుంగ, గుండ్రటి బాల్కనీలు ఉంటయి. నా బిడ్డ గా బిల్డింగులనే పుట్టింది."

అది మేముండే బిల్డింగు. ఆ మాట చెప్పబోయి, ఎందుకో ఆగిపోయాను. దవాఖానకు వెళ్లలేదా అని మాత్రం అడిగాను.

"యాడ పోతం? పొద్దుగాల్నే నొప్పులు మొదలాయె. ఒకటే వాన. సెల్లార్ల ఉంటుంటిమి, అండ్ల మోకాళ్ల దాంక నీళ్లు. మా ఆయన ఆటో కోసం ఉరికిండు. ఆయన వచ్చేదాంక ఆగేటట్టు లేదని తోటి ఆడోళ్లు నన్ను మూడో అంతస్తుకు పట్టుకపోయిండ్రు. మెట్లెక్కంగనే ఎడమ దిక్కు ఇల్లు. ముందట రూములకు కిటికీలు పెట్టలే, జల్లు కొడుతుండె. వంటింట్ల పండవెట్టిండ్రు."

మూడో అంతస్తులో ఎడమవైపు ఫ్లాటు మాదే. తోటి ఆడవాళ్లు మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాగబెట్టిన సంగతి ఆమె చెబుతోంది. గృహప్రవేశానికి ముందు వంటగది గోడకు మసి కనిపిస్తే పెయింటరుతో మళ్లీ రంగు వేయించాను. ఆ ఇంట్లో మొదటి పొయ్యి నేనే వెలిగించి పాలు పొంగించానని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను.

"అక్కడ ఎన్ని రోజులున్నరు?"

"రోజులెక్కడియక్కా. తెల్లారే ఫ్లాటు కొన్న సారు వచ్చిండు. తలుపు కాడ నిలవడి చూసిండు. నాతోని ఏమనలే. కిందికి పోయి, పూజ చేసుకునే ఇంట్ల పురుడేందని బిల్డరుతోని అన్నడంట. పగటి యాల్లకే మా సామాను బయట పడ్డది. వాన గట్లనే ఉన్నది."

ఆమె గొంతులో కోపం లేదు. ఎవరికో జరిగింది చెప్పినట్టు చెప్పింది. ఆ ఫ్లాటు కొన్న సారు మా ఆయన. బాల్కనీలోకి తడిసిన పావురం వస్తే టవలు కప్పి గింజలు వేసే మనిషి.

అరగంట అయిందని లైబ్రరీ ఆవిడ వచ్చింది. లేవబోతున్నామెతో అప్పుడు చెప్పాను, ఆ ఫ్లాటు మాదేనని. ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"అట్లనా," అంది. తర్వాత మెల్లగా, "నా బిడ్డ నర్సింగు చదువుతున్నది. పుట్టిన జాగ చూపియ్యమని అడుగుతనే ఉంటది. లోపలికి ఎవరు రానిస్తరని ఊకున్న."

వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన హాల్లో టీవీ చూస్తున్నాడు. టీవీ ఆపేసి అడిగాను. కాదంటాడని ఆశపడ్డాను. కాదనలేదు.

"ముహూర్తం దగ్గరికొచ్చింది. మా అమ్మ మైల అంటదని భయపడ్డ. వాళ్లను పంపెయ్యమని బిల్డరుకు చెప్పిన. ఎక్కడికి పోయిండ్రో అడగలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఈ ఇంట్లకు వస్తుంటివా?"

పురుటి మైల సంగతి తెలిస్తే రాకపోయేదాన్నా, బాలింతను వానలో వెళ్లగొట్టారని తెలిస్తే రాకపోయేదాన్నా? ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో అడగడానికి కూడా భయమేసింది. ఆదివారం వాళ్లు వస్తారని మాత్రం చెప్పాను. ఆ వారమంతా మేం అన్నం, నీళ్లు, కరెంటు గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

ఆదివారం తల్లీకూతుళ్లు వచ్చారు. తలుపు తీసింది మా ఆయనే. వాళ్లను కూర్చోబెట్టి, తాను మాత్రం నిలబడే అన్నాడు, "ఆ రోజు వచ్చింది నేనే అమ్మా. తప్పు చేసిన."

"తలుపు తీయంగనే గుర్తువట్టిన సారూ," అంది ఆమె. ఫర్వాలేదని అనలేదు.

పిల్ల మాత్రం ఆయన వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూసింది. "ఏ రోజు అమ్మా? ఏమైంది?"

తల్లి వంటగదిలోకి నడిచింది. నలుగురం నిలబడితే ఆ గది నిండిపోయింది. ఫ్రిజ్ ఉన్న మూల చూపించి, "గీడనే," అంది. పిల్ల వంగి అక్కడి నేలను అరచేత్తో తాకింది. ఎప్పుడో గచ్చు మీద మేం టైల్సు వేయించాం. అది చెప్పాలనిపించలేదు.

"తెల్లారి ఎక్కడికి పోయిండ్రు?" అని వెనకనుంచి అడిగాడు మా ఆయన.

"దోమలగూడల మా చిన్నాయన కాడికి. దీన్ని కొంగుల చుట్టుకొని నడిసిన. ఆటోవాళ్లు నా చీర మీది నెత్తురు చూసి ఎక్కించుకోలే."

పిల్ల లేచి నిలబడింది. "నువ్వు నాకు గిది ఎన్నడు చెప్పలే," అంది తల్లితో.

"చెప్పి ఏం చేద్దునే."

నేను చేసి ఉంచిన ఉప్మా ఇద్దరికీ పెట్టాను. పిల్ల ప్లేటు పట్టుకుని తినకుండా కూర్చుంది. తల్లి మాత్రం తన ప్లేటులోది పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, పోయొస్తమని లేచింది. తలుపు వేశాక మెట్ల మీదనుంచి ఆ పిల్ల గొంతు చాలాసేపు వినిపించింది. ఏం అడుగుతోందో తెలియలేదు. తల్లి చెప్పుల చప్పుడు మాత్రం ఆగకుండా కిందికి దిగిపోయింది.