ఆయా కూతురి రిపోర్టు

మొన్న చీరకు ఫాల్ కొందామని ఆబిడ్స్ వెళితే, కౌంటర్ వెనక అమ్మాయి రంగు కలిసేది ఇట్టే తీసిచ్చి నా మొహంలోకి తేరిపార చూసింది. "గుర్తువట్టలేదా మేడం? నాంపల్లి ఆఫీసుల మీకు చాయ్ ఇస్తుండె గద, మా అమ్మ." గుర్తుపట్టాను. పట్టకపోతే బాగుండుననీ అనుకున్నాను.

పన్నెండేళ్ళ కిందట ఆ ఆఫీసులో నా ఉద్యోగం చిత్రమైనది. చదవడం, రాయడం కష్టమయ్యే పిల్లలకు పదో తరగతి పరీక్షలో అదనపు సమయం కావాలంటే, నిపుణులు పరీక్షించి ఇచ్చిన రిపోర్టు తేవాలి. ఆ రిపోర్టు సరిగ్గా ఉందో లేదో నేను తేల్చాలి. పిల్లల్ని చూడక్కర్లేదు, కాగితాలు చూస్తే చాలు. నేను ఎర్ర పెన్ను తీస్తే "అత్తగారు కూరలో ఉప్పు చూస్తున్నారు" అనేవారు తోటివాళ్ళు. నేను మురిసిపోయేదాన్ని.

పరీక్షలు మూడు వారాలున్నాయనగా మా ఆయా కూతురి రిపోర్టు నా బల్ల మీదికి వచ్చింది. తెలుగు మీడియం పిల్లకు ఇంగ్లీషులో ప్రశ్నలు వేసి, అరగంటలో మందబుద్ధి అని తేల్చేశారు. రెండో పేజీలో ఆడపిల్ల కాస్తా మగపిల్లాడైంది. మూడో పేజీలో ఇంకెవరి పేరో ఉంది. పదకొండు తప్పుల కింద గీతలు గీసి, "చెల్లదు" అని రాశాను.

ఆయా నా పక్కన కప్పు పెట్టి, "ఏం రాసిన్రు మేడం?" అంది.

"రిపోర్టు బాగాలేదమ్మా."

"కాగితం ఖరాబుంటే పిల్లేం జేసింది? మీరే జర చూడుండ్రి. మీకు వస్తది గద."

వచ్చు. అంతకుముందు పదిహేనేళ్ళు పిల్లల్ని పరీక్షించే పనే చేశాను. కానీ తనిఖీ చేసేవాళ్ళు పరీక్ష చేయకూడదు. "రూలు ఒప్పుకోదు" అని చాయ్ తాగేశాను. ఇంకో రిపోర్టు తెచ్చేలోగా గడువు దాటింది. పిల్ల సగం సగం పేపర్లు రాసి పరీక్ష తప్పింది, బడి మానేసింది. నా గీతలున్న ఆ రిపోర్టును మాత్రం, పేరు చెరిపేసి, తనిఖీ ఎలా చేయాలో కొత్తవాళ్ళకు నేర్పడానికి వాడారు. చదువు రాని ఆయాయే దాని కాపీలు అందరికీ పంచింది.

"మతి లేదన్న కాగితం తప్పని మీరు రాసిన్రంట, అమ్మ చెప్పింది," అంది అమ్మాయి, ఫాల్ కవర్లో పెడుతూ. "మరి నాకున్నదేందో ఎవ్వరు చెప్పలే మేడం. ఇప్పటికీ రెండు లైన్లు చదివేసరికి చెమట వడ్తది."

కోపంగా అనలేదు. కోపమైతే నయంగా ఉండేది.

"ఒకసారి ఇంటికి రామ్మా, నేను చూస్తాను."

"ఇప్పుడెందుకు మేడం?" అని నవ్వి, నా వెనకావిడ వైపు తిరిగింది.

ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడటానికి నాకు ఒక్క పూట చాలు. పన్నెండేళ్ళలో ఆ ఒక్క పూట దొరకలేదంటే, అది కాలం చేసిన తప్పు కాదు.