తలుపు వైపు చూడని కస్టమర్

దమ్మామ్ నుంచి రియాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న తెల్లాయన నాకు మొదటినుంచీ నచ్చలేదు. సంతలో పశువును చూసినట్టు నా మొహంలోకే చూస్తున్నాడు. మా షాపులో నాతోపాటు సెల్‌ఫోన్లు రిపేరు చేసే గంగాధర్ ముందు సీట్లోంచి ఇంగ్లీషులో అతన్ని కదిలించి, నాకు చెప్పాడు.

"నార్వే ఆయనంట. ముప్పై ఏండ్లు స్టేజీ మీద రాజుల ఏషాలు కట్టిండట. సిన్మాలల్ల మాత్రం ఎప్పుడు పోలీసోడేనట."

పోలీసనగానే నాకు ఒళ్లు మండింది. మొబైల్ షాపుల్లో సౌదీలే పనిచెయ్యాలని రూలొచ్చిన రోజులవి. దొరికితే నేరుగా ఇండియాకే.

"మేం గూడ యాక్టర్లమే అని చెప్పు. చెకింగోళ్లు రాంగనె కౌంటర్ దుంకి కస్టమర్లమైతం," అన్నాను.

ఆయన నవ్వలేదు. చేసి చూపించమన్నాడు. కోపంతోనే నా ఫోన్ తీసి, కొనేవాడిలా తిప్పి చూశాను. ఆయన నా గడ్డం పట్టుకుని, బస్సు తలుపు వైపు పోయిన నా మొహాన్ని ఫోన్ మీదికి తిప్పాడు.

"కొనెటోడు తలుపు దిక్కు సూడడట," అన్నాడు గంగాధర్ పడీపడీ నవ్వుతూ.

ఆయన చెయ్యి విదిలించి కొట్టాను. రియాద్ దాకా ఆయన వైపు వీపు తిప్పి కూర్చున్నాను.

నెల తిరక్కుండానే తనిఖీవాళ్లు షాపులోకి వచ్చారు. ఇద్దరం కౌంటర్ దూకాం. నేను చేతిలోని ఫోన్ మీంచి కళ్లెత్తలేదు. ధర ఎక్కువన్నట్టు పెదవి విరిచాను కూడా. గంగాధర్ ఒక్కసారి తలుపు వైపు చూశాడు.

వాణ్ని నా పక్కనుంచే తీసుకెళ్లారు. కస్టమర్ని కదా, నేను తలెత్తలేదు.