కంబమున్న నెలవంక

ఆ రోజుల్లో మెడలో కెమెరా పడితే మనిషి నడకే మారిపోయేది. నాదైతే మరీ మారింది. ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపు నేర్పుతూ కూడబెట్టిన జీతంతో హైదరాబాదు వెళ్లి, పన్నెండు రెట్ల జూమ్ ఉన్న డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాను. చూడటానికి స్టూడియోవాళ్ల పెద్ద కెమెరాలాగే ఉండేది గాని లెన్సు ఊడదు (ఆ సంగతి తెలియక రెండుసార్లు బలంగా తిప్పి చూశాను). మీట నొక్కితే లెన్సు గుర్రుమంటూ ముందుకొచ్చేది. కన్ను ఆనించి చూస్తే లోపల బుల్లి టీవీ. చెయ్యి వణికినా ఫోటో వణకదని దుకాణంవాడు చెప్పిన మాటను నేను బజారంతా చెప్పాను.

రంజాన్ నెలంతా నా గొప్పలకు అంతు లేదు. ఈసారి పండుగ నెలవంకను అందరికంటే ముందు నేనే పట్టుకుంటానని కనిపించినవాళ్లందరికీ మాటిచ్చాను. మా నాని (అమ్మకు అమ్మ) ఆ మధ్యే పాలమూరు దవాఖానలో కంటిపొర తీయించుకుని వచ్చింది. కొత్త కంటితో బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, "కండ్లుంటే సాలదారా?" అంది. నేను వినిపించుకోలేదు.

ఇరవై తొమ్మిదో ఉపవాసం విడవగానే మా మిద్దె నిండా జనం. మసీదు పెద్దసాబ్ కూడా నా మాట నమ్మి మెట్లెక్కి వచ్చాడు. నేను జూమ్ కొసదాకా లాగి పడమర వెతికాను. అంత జూమ్‌లో ఆకాశం అగ్గిపెట్టెంత అవుతుందనీ, చెయ్యి వెంట్రుకవాసి కదిలితే వీధి దాటిపోతుందనీ నాకేం తెలుసు? కాసేపటికి సన్నగా, తెల్లగా, వంపు తిరిగిన గీత ఒకటి దొరికింది. టక్కున ఫోటో తీసి, దొరికిందని కేక పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దసాబ్ కెమెరా వెనక తెర మీద బొమ్మ చూసి, గడ్డం నిమురుకుని, నానికి చూపించాడు.

నాని చాలాసేపు చూసింది. "సందమామకు కింద కంబముంటదారా?" అంది.

జూమ్ వెనక్కి తీశాను. అది ఇనప స్తంభం మీదున్న కేబుల్ వాళ్ల డిష్ అంచు. మిద్దె మిద్దంతా నవ్వింది. నా ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నెల రోజుల గొప్పలూ, కొత్త కెమెరా పరువూ కలిసి ఆ ఇనప కంబానికి వేలాడాయి.

నాని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమరంతా ఒకసారి కలియజూసింది. "ముందుగాల మొత్తం జూడు బిడ్డా. యాడుందో తెల్సినంక దగ్గరికి పో. గా వేపచెట్టు కొనకు జర పైన," అంది. అక్కడే ఉంది, గోరు గిల్లినంత. పెద్దసాబ్ తన కంటితో చూసి దువా చదివాడు. ముందు చూసింది మా నానేనని వీధంతా చెప్పుకున్నారు. నా సిగ్గు ఎటు పోయిందో, ఛాతీ మాత్రం పొంగింది. కెమెరా ఆమె చేతికిచ్చి ఫోటో తీయమన్నాను. చెయ్యి వణుకుతుందని వద్దంది. వణికింది కూడా. ఫోటో మాత్రం వణకలేదు, దుకాణంవాడు అబద్ధం చెప్పలేదు.

ఆ కెమెరా ఇప్పుడు పనిచేయదు. నానీ లేదు. ఆ రెండు ఫోటోలు ఒకే ఫ్రేములో మా గోడ మీద ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్లకు నాని తీసిన నెలవంకను చూపిస్తాను. పిల్లలు మాత్రం పక్కనున్న కంబం ఫోటో చూసి, ఇది తీసిందెవరని అడుగుతారు. నేనేనని ఇప్పుడు గర్వంగానే చెబుతాను.