కిటికీ కింద మూకుడు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. ఇప్పటికీ నాకు వాటిమీద నమ్మకం లేదు. అయినా నందిగామలో అద్దెకున్న ఇంట్లో నేను చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాయాలనిపించింది. ఇందులో భయపెట్టేదేమీ లేదు. అంతా పట్టపగలే జరిగింది. జరిగింది కూడా ఒక మట్టి మూకుడు, అంతే.

అరవయ్యో దశకం మొదట్లో మాట. మావారు పోయాక నేను జగ్గయ్యపేటలో అన్నయ్య ఇంట్లో ఉండి, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, నందిగామలో ఒక బళ్ళో చేరాను. మొదట్లో ప్రతి శనివారం బస్సెక్కి పేట వెళ్ళేదాన్ని. ఒక వారం జ్వరం వచ్చి వెళ్ళలేదు. ఎందుకు రాలేదని ఎవరూ కార్డు ముక్క రాయలేదు. ఆ తర్వాత వెళ్ళడం తగ్గించుకున్నాను.

ఇల్లు రెండు వాటాల పెంకుటిల్లు. ఒక వాటాలో ఇంటావిడ భ్రమరాంబగారు ఒక్కరే ఉండేవారు. అరవై దాటిన మనిషి. నేను ఆవిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. రెండో వాటాలో ముందుగది, నడిమి గది, వంటిల్లు, వెనక చుట్టూ గోడ ఉన్న వసారా నావి. అద్దెకి ఇచ్చిన రోజున తాళం చెవి చేతికిచ్చారు తప్ప ఆవిడ లోపలికి అడుగు పెట్టలేదు. అది మర్యాద అనుకున్నాను.

ఎలుకలు పరీక్ష పేపర్లు కొరికేశాయి. అది విని తోటి టీచరు ఒకావిడ బుట్టలో పెట్టి పిల్లిపిల్లను తెచ్చిచ్చింది. తెల్లటిది, చెవులు మాత్రం నలుపు. పగలంతా దాన్ని లోపలే ఉంచి తాళం వేసుకుని వెళ్ళాలి. పెరడంతా నాపరాళ్ళు పరిచి ఉంది. "పెరట్లో పాడు చేసిందంటే ఊరుకునేది లేదు పంతులమ్మా" అని ఇంటావిడ ముందే అన్నారు.

అందుకని పెద్ద మట్టి మూకుడు ఒకటి కొని, మునేటి ఒడ్డు ఇసుక నింపి, పైన పొయ్యిలో బూడిద చల్లాను. ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. వంటింట్లో కుదరదు. ముందుగదిలో వచ్చినవాళ్ళ కంటబడుతుంది. నడిమి గదిలో నేను పడుకుంటాను. అటూ ఇటూ తిరిగి చివరికి వసారా మూల పెట్టి, పిల్లిని అందులో దింపి, దానికి చూపించి బడికి వెళ్ళాను.

సాయంత్రం వచ్చేసరికి మూకుడు నడిమి గదిలో కిటికీ కింద ఉంది. పిల్లి దాన్ని వాడుకుంది కూడా.

నేనే పరధ్యానంలో అక్కడ పెట్టి ఉంటాననుకున్నాను. ఒంటరిగా ఉండేవాళ్ళకి అలాంటివి మామూలే. మర్నాడు బాగా గుర్తుపెట్టుకుని వసారాలో పెట్టాను. సాయంత్రం మళ్ళీ కిటికీ కిందే.

అప్పుడు ఇల్లంతా వెతికాను. వీధి తలుపు తాళం చెవి ఒక్కటే, అది నా దగ్గరే ఉంది. పెరటి తలుపుకి లోపల గడియ వేసినట్టే ఉంది. రెండు వాటాల మధ్య తలుపుకి నా వైపు గడియ, దానికి అడ్డంగా నా ఇనప్పెట్టె. వసారాకీ నడిమి గదికీ మధ్య జానెడు ఎత్తు గడప. ఇసుక నిండిన ఆ మూకుడు ఎత్తాలంటే నాకే రెండు చేతులూ పట్టాలి. నేల మీద ఒక్క ఇసుక రేణువు రాలలేదు.

మూడోరోజు మూకుడు చుట్టూ చాక్‌పీసుతో గీత గీసి వెళ్ళాను. సాయంత్రం గీత ఎక్కడా చెరగలేదు. లోపల మూకుడు లేదు. అంటే ఈడ్చింది కాదు, ఎవరో ఎత్తి తీసుకెళ్ళారు.

భయం వేసిందా అంటే, నిజం చెప్పాలి, వెయ్యలేదు. నాలుగోరోజు బడి వదలగానే గబగబా ఇంటికి నడిచాను. ఆ ఊరు వచ్చాక ఇంటికి తొందరపడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమూ మూకుడు కిటికీ కిందే ఉంది. వెళ్ళి భ్రమరాంబగారితో చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. చేట పక్కన పెట్టారు.

"ఎక్కడన్నావ్?"

"నడిమి గదిలో, కిటికీ కిందండి పిన్నిగారూ."

ఆవిడ లేచి వచ్చారు. నా గదిలోకి రావడం అదే మొదలు. మూకుడు వంక చూసి, వసారా గడప మీద కూలబడ్డారు.

"అక్కడ మా రాజ్యం మంచం ఉండేదమ్మాయ్" అన్నారు.

రాజ్యం ఆవిడ ఆడపడుచు. నడుము పడిపోయి తొమ్మిదేళ్ళు ఆ కిటికీ పక్కనే మంచంలో ఉందట. చేతికి అందేటట్టు మంచం కింద బూడిద పోసిన మూకుడు పెట్టేవారట. తీసి కడిగేది భ్రమరాంబగారే. ఈ సంగతి అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు.

"తొమ్మిదేళ్ళు చేశా. ఒక్కనాడు విసుక్కోలా. మా అమ్మాయిని చూసుకోడానికి పెళ్ళివారొస్తున్నారంటే, వాసనొస్తదని ఆ మూకుడు తీసి వసారాలో పెట్టా. ఒక గంట ఓర్చుకోవే అన్నా. వాళ్ళు భోజనాలు చేసి కదిలేసరికి పొద్దుగూకింది."

కిటికీ వైపు చూశారు.

"ఒక్క కేక వెయ్యలా అది. పెళ్ళివారి ముందు మా పరువు పోతదనుకుందో ఏమో. పాక్కుంటూ బయల్దేరింది. నేనొచ్చేసరికి ఈ గడప మీద తల పెట్టుకునుంది. ఒళ్ళు చల్లబడిపోయింది."

ఆవిడ ఏడవలేదు. కూర్చున్న గడపని అరచేత్తో నెమ్మదిగా రాస్తూ ఉండిపోయారు.

ఆ రోజునుంచి మూకుడు కిటికీ కిందే ఉంచేశాను. అది మళ్ళీ కదలలేదు. పిల్లి దానికి అలవాటు పడింది, నేను వాసనకి అలవాటు పడ్డాను.

కానీ రోజూ సాయంత్రం నేను తాళం తీసేవేళకి భ్రమరాంబగారు అరుగు మీదికి వచ్చేవారు.

"ఇవాళేమన్నా జరిగిందా?"

"లేదండి."

భయపడి అడుగుతున్నారనుకున్నాను. ఎదురుచూస్తున్నారని తెలియడానికి నాకు నెలరోజులు పట్టింది.

ఒక ఆదివారం పొద్దున వచ్చి, నన్ను అడక్కుండానే మూకుడు రెండు చేతులా ఎత్తి వసారాలో పెట్టారు. "తాళం వెయ్యి" అన్నారు. ఇద్దరం ఆవిడ అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ భోజనం చెయ్యలేదు, తల దువ్వుకుని శుభ్రమైన చీర కట్టుకున్నారు. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుని, అప్పుడు తాళం తీశాం.

మూకుడు వసారాలోనే ఉంది. కిటికీ కింద నేల మీద పిల్లి తడిపిన మరక మాత్రం ఉంది.

"నాకు చెయ్యదులే" అన్నారావిడ. "నామీద కోపం పోలా దానికి."

నేను గుడ్డ తెచ్చేలోపే ఆ మరక తన చేత్తో తుడిచారు. మూకుడు తెచ్చి కిటికీ కింద పెట్టి, నేలమీద కూర్చుని, గోడవైపు కొంచెం జరిపారు. మంచం మీదినుంచి చెయ్యి వేలాడేస్తే అందేంత దూరంలో ఉంచి లేచారు.

మరుసటి ఏడు నన్ను పేటకి బదిలీ చేశారు. పిల్లిని ఆవిడకే ఇచ్చేశాను. మూకుడు కూడా.

ఇసుక నిండిన ఆ మూకుడు గడప ఎలా దాటిందో, నాలుగు రోజులు దాటి తర్వాత ఎందుకు మానేసిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళ మాటలేవీ నాకు నచ్చలేదు. అది అలా ఉంచుతాను.

ఆ ఆదివారం తర్వాత కూడా భ్రమరాంబగారు అడగడం మానలేదు. నేను ఉన్న చివరి సాయంత్రం దాకా రోజూ అడిగారు, రోజూ లేదండి అనే చెప్పాను. నిజం చెబుతున్నాననుకున్నాను. ఒక్కసారైనా "జరిగిందండి పిన్నిగారూ, మీరు మూకుడు రాజ్యంగారి చేతికందేలా పెట్టారు, అదే జరిగింది" అని ఉండవలసింది. పేట వెళ్ళే బస్సు చిల్లకల్లు ఊరు దాటాక గానీ నాకు ఆ మాట తట్టలేదు.