గట్టయ్య కాక గుడ్డ టేపు

గట్టయ్య కాక చొక్కా లేకుండానైనా వీధిలోకి వస్తాడేమో గానీ, టేపు లేకుండా రాడు. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ కొలవాలి ఆయనకు. యూనివర్సిటీ గ్రౌండులో ముప్ఫై నాలుగేళ్లు సున్నంతో గీతలు గీసి, లాంగ్‌జంప్ గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొలతలు చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది, అలవాటు వదల్లేదు.

తార్నాకలో మా కింది వాటా ఆయనది. వీధి చివరి టిఫిన్ సెంటర్లో దోసె ప్లేట్లో పడగానే టేపు వేస్తాడు. "నిన్న ఇరవై ఎనిమిది ఉండె. ఇయ్యాల ఇరవై ఆరున్నర. ఏంది నరహరీ?" అంటాడు. నరహరి దండం పెట్టి ఇంకో గరిటె పిండి పోస్తాడు. బస్సు స్టాపుకు పదకొండు మీటర్లు అవతల ఆగితే, డ్రైవర్ కిటికీ కిందికి వెళ్లి ఆ పదకొండూ చూపించి గానీ ఎక్కడు. వాళ్లన్న కూతురి పెళ్లిచూపుల్లో, పిల్లవాడు ఐదడుగుల ఎనిమిదంగుళాలని వాళ్లమ్మ అనగానే లేచి, "జర గోడకు నిలబడు అల్లుడా" అన్నాడు. ఆ సంబంధం ఐదడుగుల ఆరు దగ్గర ఆగిపోయింది.

"పోనీ కాకా, రెండంగుళాలే గదా!" అన్నాను నేను.

"మనుషులు చెప్తరు బిడ్డా. టేపు అబద్ధం చెప్పది."

ఒకసారి ఒక కుర్రాడు అర సెంటీమీటరు తేడాతో టీములో చోటు పోగొట్టుకుని ఈయన కాళ్లు పట్టుకుని ఏడ్చాడట. కాక అతనికి చాయ్ తాగించాడు, బస్సెక్కించాడు, అర సెంటీమీటరు మాత్రం ఇవ్వలేదు.

ఇలాంటి మనిషి మా సుప్రజ జోలికి రాకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. రెండేళ్లు దగ్గరపడుతున్నా నా బిడ్డకు నిలబడటం రాలేదు. కండరాల్లో పట్టు తక్కువ, నడక ఆలస్యమవుతుంది అన్నాడు విద్యానగర్ డాక్టరు. ఎంత ఆలస్యమంటే చెప్పలేమన్నాడు. వారానికి మూడు రోజులు చంకనేసుకుని సీతాఫల్‌మండిలో నిరోష అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేదాన్ని. పెద్ద బంతి మీద కూర్చోబెట్టడం, స్టూలు పట్టించి లేపడం, మంచం అంచు పట్టించి పక్కకు అడుగులేయించడం. పిల్ల ఏడుపు, నా బతిమాలడం. సాయంత్రాలు క్యాంపస్‌లో దాని ఈడు పిల్లలు పరిగెడుతుంటే తల తిప్పుకునేదాన్ని. పసిపిల్లల మీద అసూయ పడ్డానని ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

ఆరు నెలలు గడిచాక నిరోషకు ఫోన్ చేశాను. "ఈ నెలతోటి బంద్ చేస్తా మేడం. పాప ఏడుస్తున్నది, నేనూ ఏడుస్తున్న. ఏం ఫరక్ లేదు." మెట్ల మీద నిలబడి మాట్లాడటం నా తప్పు. కింద కాక వింటున్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. చేతిలో ఎప్పటి స్టీలు టేపు కాదు, టైలర్లు వాడే గుడ్డ టేపు.

"స్టీలుది పోరికి గీరుకుంటది. మంచం కాడ నిలబెట్టు, ఎంత పోతదో కొలుస్త."

నాకు ఒళ్లు మండింది. "నా బిడ్డేమన్న లాంగ్‌జంప్ చేస్తున్నదా కాకా?"

"ఫరక్ లేదంటివి గద. కొలవకుండ ఎట్ల తెలుస్తది?"

సుప్రజ మంచం అంచు పట్టుకుని ఒక అడుగు జరిగి కూలబడింది. కాక మోకాళ్ల మీద వంగి, టేపు మొదలు గుప్పిట్లో బిగించి, "ఇరవై!" అని గ్రౌండులో ఉన్నట్టే గట్టిగా అరిచాడు. పాప ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది.

తర్వాతి ఆదివారం ఇరవై రెండు. ఆపై ఆదివారం ఇరవై నాలుగు. "నువ్వే చూసుకో" అని అంకె మీద వేలు పెట్టి చూపించేవాడు. టేపు మొదలు మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. కొలిచేవాడే పట్టుకోవాలట, గ్రౌండు రూలు. ఇంకొక్క నెల చూస్తానని నిరోషకు చెప్పాను. ఆ నెల అయ్యాక ఇంకో నెల. అంకెలు చెబితే ఆమె నావైపు అదోలా చూసి, "మంచిదే అక్కా, ఆపకుండ్రి" అనేది. నేను ఆదివారం కోసం బతకడం మొదలుపెట్టాను.

నలభై రెండు వచ్చిన రోజు కాక టేపు మా కిటికీలో మరిచిపోయాడు. ఆ సంతోషంలో ఇంటికి కొత్త కర్టెన్లు వేద్దామనిపించి, ఆ టేపుతోనే కొలిచి, టైలర్ లక్ష్మీనర్సయ్యకు కొలతలిచ్చాను. కర్టెన్ జానెడు పొడుగొచ్చి నేల మీద పొర్లింది. కర్టెన్, టేపు రెండూ పట్టుకుని తగాదాకు వెళ్లాను.

లక్ష్మీనర్సయ్య నా టేపు పక్కన తన టేపు పరిచాడు. "అక్కా, మీ టేపుకు సున్న లేదు. ఇది ఇరవై రెండు కాడ పుట్టింది."

నలభై రెండులోంచి ఇరవై రెండు తీసేస్తే ఇరవై. పదకొండు వారాలు. నా బిడ్డ ఒక్క సెంటీమీటరు కూడా ముందుకు పోలేదు.

"ఇదేంది కాకా?" అని టేపు తీసుకెళ్లి కాక గుమ్మంలో పడేశాను.

ఆయన వంగి టేపు తీసుకున్నాడు. "వారం వారం ఇరవయ్యే వస్తుండె బిడ్డా. నీ మొఖం చూస్తే చెప్పనీకి నోరు రాలే. వారానికి రెండు సెంటీమీటర్లు కోస్తిని."

"టేపు అబద్ధం చెప్పదంటివి గదా!"

"టేపు చెప్పలే. కత్తెర చెప్పింది."

నాకు నవ్వు రాలేదు. ఆ గుమ్మంలోనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. కాక లోపలికి వెళ్లి ఒక అగ్గిపెట్టె తెచ్చి తెరిచాడు. అందులో పదకొండు గుడ్డ ముక్కలు. "పారేయలే. పోరి నడిచినంక కుట్టిద్దామని పెట్టిన."

నిరోషకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆ అంకెలు నేను నమ్మలే స్నేహలతక్కా. కానీ మీరు మానలేదు గద. నడుములో, తొడల్లో బలం వస్తున్నది. అదయినంకనే అడుగు పడతది."

మానలేదు. కర్టెన్ కూడా కోయించలేదు. నేల మీద పొర్లే ఆ జానెడు గుడ్డను పట్టుకు లాగుతూ సుప్రజ లేచి నిలబడటం నేర్చుకుంది.

ఇంకో మూడు నెలలకు, క్యాంపస్ గ్రౌండు పక్కన, కాక సున్నంతో గీసిన గీత మీద సుప్రజను నిలబెట్టాను. అది నా వేలు వదిలేసింది. ఒకటి. రెండు. కూలబడి, ఏం చేశానా అన్నట్టు మమ్మల్ని చూసింది. నేను ఏడుస్తున్నాను. కాక కూడా ఏడుస్తూనే జేబులోంచి స్టీలు టేపు తీశాడు. మోకాళ్ల మీద వంగి, కళ్లద్దాలు తుడుచుకుని, ఒకటికి రెండుసార్లు కొలిచాడు.

"నలభై ఒకటిన్నర!"

"అర సెంటీమీటరే గదా కాకా. నలభై రెండు అనరాదా?"

కాక ముక్కు చీది, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అట్ల నడవది బిడ్డా. ఆ అర రేపు అదే తెచ్చుకుంటది."